గాలిపువ్వు

'పడమటి గాలి' అంటే పడమరకు పోయే గాలియా, పడమర నుంచి వచ్చే గాలియా అని ఒక శ్రోత మాకు జాబు వ్రాసినారు. వాతావరణ సూచనలలో ఆ మాటను ఎన్నిసార్లు చదివినామో లెక్కలేదు గాని, ఈ సందేహం మాకు ఎన్నడూ తట్టలేదు. సమాధానం చిన్నదే. గాలికి అది వచ్చే దిక్కు పేరు పెడతారు. సముద్రంలోని ప్రవాహానికి మాత్రం అది పోయే దిక్కు పేరు పెడతారు. చేనుగట్టున నిలిచిన రైతుకు వాన ఎటు నుంచి వస్తున్నదో కావాలి. పడవ నడిపే సరంగుకు నీరు తనను ఎటు ఈడ్చుకొని పోతున్నదో కావాలి. రెండు పేర్లూ వారి వారి అవసరాలను బట్టి ఏర్పడినవే.

ఆ జాబుకు నాలుగు మాటలు వ్రాయబోయి మేము ఒక బొమ్మ చరిత్రలోకి దిగినాము. వాతావరణ శాస్త్రజ్ఞులు దానిని 'విండ్ రోజ్' అంటారు. మేము గాలిపువ్వు అందాము. నడుమ ఒక బిందువు; దాని చుట్టూ దిక్కుకు ఒకటి చొప్పున రేకులు. ఏ దిక్కు నుంచి గాలి ఎక్కువసార్లు వీచినదో ఆ దిక్కు రేకు పొడవు. ఒక ఊరిలో ఏడాది పొడుగునా వీచిన గాలి చరిత్ర అంతా అరచేతి వెడల్పు బొమ్మలో ఇమిడిపోతుంది.

గాలులను దిక్కులవారీగా విడదీయడం చాల పాతది. ఏథెన్సు నగరంలో ఆండ్రోనికస్ అనే వాడు రెండువేల ఏండ్లకు పూర్వం కట్టించిన ఎనిమిది ముఖాల పాలరాతి గోపురం ఇప్పటికీ నిలిచి ఉన్నది. ముఖానికి ఒక వాయుదేవత చొప్పున దానిపైన చెక్కినారు. ఉత్తరపు గాలి బోరియస్ గడ్డము గల ముసలివాడు, చేత శంఖం పట్టినాడు. పడమటి గాలి జెఫిరస్ ఒడినిండ పూలు నింపుకొన్న యువకుడు. గోపుర శిఖరాన చేతికర్రతో గాలి దిక్కును చూపే కంచు విగ్రహం తిరుగుతూ ఉండేదని రోమను వాస్తుశాస్త్రజ్ఞుడు విట్రూవియస్ వ్రాసినాడు. మనవారు ఎనిమిది దిక్కులకు ఎనమండుగురు పాలకులను నియమించి వాయుదేవునికి వాయవ్య మూల ఒక్కటే ఇచ్చినారు. గ్రీకులు ఎనిమిది దిక్కులనూ గాలులకే అప్పగించినారు. ఓడలమీద బ్రతికే జాతికి అది సహజమే.

మధ్యధరా సముద్రపు నావికులు తమ పటాలలో దిక్కులను గాలుల పేర్లతోనే పిలిచినారు. 1375 నాటి కటలాన్ పటంలో దిక్కులు చూపే పువ్వు రంగులతో కనబడుతుంది. పిమ్మట ఆ పువ్వుకు ముప్పది రెండు రేకులు వచ్చినవి. కాని ఆ రేకులన్నీ సమానం. ఏ గాలి ఎటుదో అవి చెప్పగలవు. ఏ గాలి ఎంత తరచుగా వీస్తుందో చెప్పలేవు. అది చెప్పాలంటే ఎవరో ఒకరు కూర్చుండి లెక్కపెట్టవలె.

లెక్కపెట్టినవాడు మాథ్యూ ఫాంటేన్ మోరీ. అమెరికా నౌకాదళంలో ఉద్యోగి. 1839లో గుర్రపుబండి తలక్రిందులై కాలు విరిగినది. ఓడ ఎక్కే యోగం తప్పినది. 1842లో వాషింగ్టన్‌లో పటాలను, పరికరాలను భద్రపరచే కార్యాలయానికి అతనిని అధికారిగా వేసినారు. అక్కడ మూలల్లో పాత ఓడల దినచర్య పుస్తకాలు గుట్టలుగా పడి ఉన్నవి. ఫలానా తేదీన ఫలానా అక్షాంశ రేఖాంశాలవద్ద గాలి ఫలానా దిక్కుది అని ప్రతి పుటలోను ఉన్నది. అందరికీ చెత్తగా తోచిన ఆ కాగితాలు మోరీకి నిధిగా తోచినవి. సముద్రాన్ని అయిదేసి డిగ్రీల గళ్ళుగా విభజించినాడు. ప్రతి గడిలోను ఒక వలయం గీసి, పదహారు దిక్కులకూ నెలలవారీగా ఎన్నిసార్లు గాలి వీచినదో అంకెలు వేయించినాడు. పాతవి చాలక, ఓడల నాయకులు తమ దినచర్యల నకళ్ళు పంపితే పటాలు ఉచితంగా ఇస్తామని ప్రకటించినాడు. 1847 నుంచి ఆ పటాలు వెలువడినవి.

మొదట నావికులు నమ్మలేదు. అమెరికా తూర్పు తీరం నుంచి బ్రెజిల్‌లోని రియో నగరానికి పోయే ఓడలు అప్పటి దాకా నేరుగా దక్షిణానికి పోయేవి కావు. బ్రెజిల్ కొమ్మువద్ద ప్రవాహం ఓడను ఒడ్డుకు తోసివేస్తుందన్న భయంతో, దాదాపు ఆఫ్రికా వైపుగా తూర్పుకు పోయి, అక్కడి నిర్వాత మండలంలో రోజుల తరబడి తెరచాపలు వ్రేలాడవేసుకొని, తిరిగి పడమరకు వచ్చేవి. తాతలనాటి నుంచి అదే త్రోవ. మోరీ అంకెలు చూస్తే ఆ భయానికి ఆధారం లేదు. కొమ్మువద్ద ఓడలకు కావలసిన గాలి ఉండనే ఉన్నది. 1848లో బాల్టిమోర్ నుంచి బయలుదేరిన ఒక ఓడ అతని మాట నమ్మి దగ్గరి త్రోవన పోయి 38 రోజులలో రియో చేరినది. మామూలుగా పట్టేది 55 రోజులు. ఆ తరువాత పటాలకు గిరాకీ ఎట్లా పెరిగినదో వేరే చెప్పనక్కరలేదు. 1851లో 'ఫ్లయింగ్ క్లౌడ్' అనే ఓడ న్యూయార్కు నుంచి దక్షిణ అమెరికా కొసను చుట్టి 89 రోజులలో శాన్‌ఫ్రాన్సిస్కో చేరినది. దానికి మార్గనిర్దేశం చేసినది నాయకుని భార్య ఎలినార్ క్రీసీ. ఆమె ముందు పరచి ఉన్నవి మోరీ పటాలు. 1853లో బ్రస్సెల్స్‌లో పది దేశాల ప్రతినిధులు కూడి సముద్రంపై గాలిని ఒకే పద్ధతిలో నమోదు చేయాలని ఒప్పుకొన్నారు. ఇంతటి పని చేసినవాడే 1861లో బానిస వ్యవస్థను నిలబెట్టుకొనడానికి వేరుపడిన దక్షిణ రాష్ట్రాల పక్షాన చేరినాడు. చరిత్ర వ్రాసేవారు దానిని మరుగుపరచరాదు.

మోరీ వలయంలో ఉన్నవి అంకెలే. వాటిని చదవాలి, పోల్చుకోవాలి. తుఫానులో దీపం ఊగుతుండగా అంకెలు పోల్చేవాడెవడు? ఇంగ్లండులో 1854లో వాతావరణ శాఖకు అధిపతి అయిన ఫిట్జ్‌రాయ్ ఈ చిక్కు తీర్చినాడు. డార్విన్‌ను 'బీగిల్' ఓడపై లోకం చుట్టి తెచ్చిన నాయకుడు ఇతడే. ఇతని పటాలలో అంకెలకు బదులు నక్షత్రం వంటి గీతలు వచ్చినవి. గాలి ఎంత తరచైతే గీత అంత పొడవు. గాలుల లెక్కను వలయంలో గీయడం ఫ్రాన్సులో అంతకు ముందే జరిగినది. 1829లో గెర్రీ, 1843లో లలాన్ అట్టి బొమ్మలు వేసినారు. వారివి శాస్త్రజ్ఞుల బల్లమీది బొమ్మలు. ఫిట్జ్‌రాయ్‌వి ఓడ ఎక్కినవి.

గీత సన్నగా ఉన్నంతకాలం పేచీ లేదు. దానిని రేకుగా వెడల్పు చేసినప్పుడే మోసం వచ్చినది. నూరుసార్లు చూడగా పడమటి గాలి నలబైసార్లు, తూర్పు గాలి పదిసార్లు వీచినదనుకొందాము. పడమటి రేకును నాలుగింతల పొడవు గీస్తాము. కాని రేకు కేంద్రం నుంచి పోయినకొద్దీ వెడల్పు కూడా పెరుగుతుంది గదా. పొడవు నాలుగింతలైతే వైశాల్యం పదహారింతలు. కన్ను చూచేది వైశాల్యాన్ని. నాలుగింతల గాలి పదహారింతలుగా కనబడుతుంది.

ఈ మోసంలో తానూ పడి, బయటపడిన మనిషి ఫ్లారెన్స్ నైటింగేల్. క్రిమియా యుద్ధంలో బ్రిటిషు సైనికులు దేనివలన చనిపోయినారో నెలకు ఒక రేకు చొప్పున పన్నెండు రేకుల బొమ్మగా గీయించినది. తొలి బొమ్మలలో మరణాలకు తగినట్టు పొడవు పెంచినారు. ఎక్కువ మరణాలు గల నెలలు ఉన్నదానికంటె ఎన్నో ఇంతలుగా కనబడినవి. తన వాదానికి ఆ అతిశయం లాభమే అయినా ఆమె దానిని ఉంచుకోలేదు. 1858 నాటి ప్రసిద్ధ చిత్రంలో రేకు వైశాల్యమే మరణాల కొలత. అనగా పొడవును మరణాల సంఖ్యకు గాక దాని వర్గమూలానికి తగినట్టు తీసుకొన్నారు. దిద్దిన తరువాత కూడా నిజం భయంకరంగానే ఉన్నది. 1855 జనవరి ఒక్క నెలలో గాయాలవలన చనిపోయినవారు 83 మంది; నివారించదగిన అంటురోగాలవలన చనిపోయినవారు 2,761 మంది. ఆ నీలి రేకును చిన్నది చేయగల గణితం ఏదీ లేదు.

ఈనాడు ఈ పువ్వును చేతితో గీసేవారు అరుదు. కంప్యూటరుకు పది పంక్తుల ఆజ్ఞలు వ్రాసి ఇస్తే గీసి ఇస్తుంది. మేమూ ప్రయత్నించినాము. ఒక యువ ఇంజనీరును ప్రక్కన కూర్చుండబెట్టుకొని హైదరాబాదు విమానాశ్రయపు గాలి నివేదికలు తీసుకొన్నాము. పైథాన్ భాష, బొమ్మ గీయడానికి 2003లో జాన్ హంటర్ అనే నాడీశాస్త్రజ్ఞుడు విడుదల చేసిన మ్యాట్‌ప్లాట్‌లిబ్ అనే ఉచిత సాధనం. వలయాన్ని పదహారు భాగాలు చేయాలి. ఒక్కొక్కటి ఇరువది రెండున్నర డిగ్రీలు. ఏ భాగంలో ఎన్ని గాలులు పడినవో లెక్కించాలి. మొత్తంతో భాగించి రేకులు గీయించాలి. నిమిషంలో పువ్వు విచ్చుకొన్నది. ఎత్తైన రేకు దక్షిణాన నిలిచినది.

హైదరాబాదులో ఏండ్లు గడిపిన మాకు అది నమ్మశక్యం కాలేదు. వానకాలమంతా ఈ పీఠభూమిపై పడమటి గాలిదే రాజ్యం. తప్పు వెదకగా దొరికినది. గణితజ్ఞులు కోణాన్ని తూర్పు నుంచి మొదలుపెట్టి గడియారపు ముల్లుకు ఎదురు తిప్పుతారు. నావికులు ఉత్తరం నుంచి మొదలుపెట్టి ముల్లు వెంట తిప్పుతారు. యంత్రం గణితజ్ఞుని పక్షం. సున్నను ఉత్తరానికి మార్చుమని, ముల్లు వెంట తిరుగుమని రెండు ఆజ్ఞలు ఇవ్వకపోతే ఉత్తరపు గాలి తూర్పుకు, పడమటి గాలి దక్షిణానికి పోయి కూర్చుంటవి.

ఇందులో ఒక విచిత్రం ఉన్నది. ఈ తారుమారులో నైరుతి, ఈశాన్యం మాత్రం కదలవు. అద్దం ఆ గీతమీదనే నిలిచినట్టు అవి రెండూ తమ చోటనే ఉంటవి. మన దేశంలో పెద్ద గాలులు రెండు: నైరుతి ఋతుపవనం, ఈశాన్య ఋతుపవనం. కనుక ఏ కోస్తా ఊరి బొమ్మనో గీసినవాడు తప్పు చేసినా, తాను ఎదురుచూచిన రెండు రేకులూ సరియైన చోట కనబడి తృప్తిపడి లేచిపోతాడు. మాది పీఠభూమి గనుక మేము బయటపడినాము.

ఆ రెండు ఆజ్ఞలూ వ్రాసిన తరువాత కూడా పువ్వు పూర్తిగా నిజం పలుకలేదు. ఉత్తరం, తూర్పు, దక్షిణం, పడమర నాలుగు రేకులూ ఇరుగుపొరుగు కంటె ఉబ్బి ఉన్నవి. విమానాశ్రయాల నివేదికలలో గాలి దిక్కును పదేసి డిగ్రీలకు సవరించి ఇస్తారు. ముప్పది ఆరు దిక్కులను పదహారు రేకులకు పంచవలె, సమానంగా పంచబడవు. ఉత్తరపు రేకులో 350, 360, 10 మూడూ పడతవి. దాని ప్రక్క రేకులో 20, 30 రెండే. ఆ విధంగా నాలుగు ప్రధాన దిక్కులకు మూడేసి, తక్కిన పన్నెండింటికి రెండేసి. పూర్వం ఓడలపై చూచి వ్రాసేవారు కూడా నడిమి దిక్కులను వదలి తెలిసిన దిక్కులకే మొగ్గేవారు. అది మనిషి అలవాటు. ఇది భాగహారంలోని లోపం. ఫలితం ఒకటే. పదహారుకు బదులు పన్నెండు రేకులు గీయించగా ఒక్కొక్క దానికి మూడేసి వచ్చి ఉబ్బు తగ్గినది.

ఉత్తరపు రేకు ఇంకా కొంచెం ఎక్కువగానే ఉన్నది. గాలి కదలని వేళ నివేదికలో దిక్కు చోటను, వేగం చోటను సున్నలే వేస్తారు. నిజమైన ఉత్తరపు గాలికి 360 అని వ్రాస్తారు. యంత్రానికి సున్న కూడా ఉత్తరమే. వీచని గాలులన్నీ ఉత్తరపు గాలులై కూర్చున్నవి! వాటిని ఏరి వేరుగా పెట్టవలసి వచ్చినది. మోరీ తన వలయంలో నిర్వాతానికి నడుమ చోటిచ్చినాడు. ఆ తెలివి ఎందుకో అప్పుడు తెలిసినది.

సగటు సంగతి కూడా ఇట్టిదే. 350 డిగ్రీల గాలి ఒకటి, 10 డిగ్రీల గాలి ఒకటి. రెండూ దాదాపు ఉత్తరపువే. కూడి రెండుతో భాగిస్తే 180, అనగా నేరుగా దక్షిణం. ప్రతి గాలినీ తూర్పు పడమరల పాలు, ఉత్తర దక్షిణాల పాలు అని విడదీసి, కూడి, తిరిగి దిక్కు కట్టవలెను. ఈ ఉపాయం పదునెనిమిదవ శతాబ్దంలో లాంబర్ట్ అనే గణితజ్ఞుడు చెప్పినదే.

ఇంత చాదస్తం ఎందుకని అడగవచ్చును. విమానాలు గాలికి ఎదురుగా దిగుతవి, ఎదురుగా లేస్తవి. కనీసం నూటికి తొంబది అయిదు పాళ్ళు కాలం అడ్డగాలి బాధ లేకుండా వాడుకొనేటట్టు బాటను అమర్చాలని అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థ నియమం. ఆ అమరికకు ఆధారం ఈ పువ్వే. మా మొదటి బొమ్మను నమ్మినవాడు హైదరాబాదులో బాటను ఉత్తర దక్షిణాలుగా వేసి ఉండేవాడు. 2008 దాకా నగరపు ప్రయాణికుల విమానాశ్రయమైన బేగంపేటలో బాట రెండు కొసలా వ్రాసి ఉన్న అంకెలు 09, 27. అనగా 90 డిగ్రీలు, 270 డిగ్రీలు, తూర్పు, పడమర. ఆ ఏడు తెరచిన శంషాబాదులోను అవే అంకెలు.

జాబు వ్రాసిన శ్రోతకు చివరకు ఈ విధంగా సమాధానం వ్రాసినాము: పడమటి గాలి వీచే రోజున విమానం తూర్పు కొసన 27 అంకె మీదుగా దిగి పడమరకు పరుగెత్తుతుంది. అది ఎదుర్కొంటున్నదే పడమటి గాలి.