కాగితం కాదు, చేసి చూపిన పని

చిత్తూరు జిల్లాలో ఒక తరం వాళ్లు డిగ్రీతో పాటు టైపు కూడా నేర్చుకునేవాళ్లు. లోయరు, హయ్యరు పాసయ్యామంటే ఆఫీసుల్లో నమ్మేవారు. ఎందుకంటే పరీక్షలో మిషను ముందు కూర్చుని, ఇచ్చిన టైములో కొట్టి చూపించాల్సిందే. ఓపెన్ సోర్స్ సర్టిఫికెట్ల చరిత్రనూ నేను ఆ కొలతతోనే చూస్తాను.

1990లలో పేరున్న సర్టిఫికెట్లు నోవెల్‌వి, మైక్రోసాఫ్ట్‌వి. ఎక్కువ భాగం నాలుగింట్లో ఒక జవాబు ఎంచుకునే పరీక్షలే. ‘డంపులు’ (బయటికొచ్చిన పరీక్ష ప్రశ్నలు, జవాబులు) బట్టీపట్టి గట్టెక్కేవాళ్లు పెరిగేకొద్దీ వాటి మీద గురి తగ్గింది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ ఈలోగా సర్వర్లకెక్కింది. ఇంట్లోనే ఎవరికి వారు నేర్చుకునే విద్య అది. ఎవరికెంత వచ్చో కంపెనీకి తెలిసేదెలా? 1999లో లినక్స్ కంపెనీ రెడ్‌హ్యాట్ ఆర్‌హెచ్‌సీఈ పరీక్ష తెచ్చింది. ఏ కంపెనీకీ చెందని ఎల్‌పీఐ (లినక్స్ ప్రొఫెషనల్ ఇన్‌స్టిట్యూట్) సంస్థ కూడా ఆ ఏడే కెనడాలో పుట్టింది. ఎల్‌పీఐది ఎక్కువగా ప్రశ్న, జవాబు పద్ధతి. రెడ్‌హ్యాట్ మాత్రం మిషను ముందు కూర్చోబెట్టింది.

రెడ్‌హ్యాట్ పరీక్షల్లో తొలి మెట్టయిన నేటి ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పాఠ్యాంశాల్లో ఒకటి చూడండి: బూట్ మధ్యలో ఆపి సిస్టమ్‌లోకి వెళ్లడం. రూట్ పాస్‌వర్డ్ మర్చిపోయినప్పుడు చేసే పని ఇదే. పాస్‌వర్డ్ మార్చేశాక ‘ఆటోరీలేబుల్’ ఫైలు పెట్టడం మర్చిపోతే ఎస్‌ఈలినక్స్ అనే భద్రతా వ్యవస్థ లాగిన్ కానివ్వకపోవచ్చు. డిస్కులు ఎక్కడ మౌంట్ కావాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైలులో ఒక అక్షరం తప్పినా మిషను లేవకపోవచ్చు. రీబూట్ తర్వాత కూడా నిలిచిన పనికే మార్కులు. 300కి 210 వస్తే పాసు. దీన్ని బట్టీపట్టి దాటడం కష్టం.

చిత్తూరు జిల్లా ఐరాల మండలంలో కాణిపాకం ఆలయం ఉంది కానీ సాఫ్ట్‌వేర్ కంపెనీలు లేవు. అక్కడి పిల్లలు చదువయ్యాక బెంగళూరో, చెన్నైయో వెళ్లాలి. లేదా హైదరాబాద్ అమీర్‌పేటలో కోచింగ్‌కు చేరాలి. కంపెనీలో రెఫరల్ ఇచ్చే అన్నయ్యో, మేనమామో ఉన్నవాళ్లకు దారి సులువు. ఎవరూ లేని పిల్లవాడి తరఫున మాట్లాడేది ఇలాంటి పరీక్షే. అందుకే దీని విలువ ఊరికి దూరంగా ఉన్నవాళ్లకే ఎక్కువని నా నమ్మకం.

2014లో లినక్స్ ఫౌండేషన్ ఇంటి నుంచే రాసే పరీక్షలు పెట్టింది. 2017లో కుబర్నెటీస్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మీద పరీక్ష కూడా అలాగే వచ్చింది. 2020లో రెడ్‌హ్యాట్ కూడా అదే దారి పట్టింది. బస్సు ఛార్జీ, లాడ్జి ఖర్చు తప్పాయి. నిలకడైన నెట్, పరీక్షయ్యేదాకా ఎవరూ రాని గది మాత్రం కావాలి. పల్లెటూరి ఇంట్లో ఆ గదే కష్టం. ఫీజు వేలల్లో ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఉచితమే కానీ సాక్ష్యం ఉచితం కాదు. ఐఐటీ బాంబే స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు తెలుగులోనూ దొరుకుతాయి కాబట్టి నేర్చుకోవడానికైతే పైసా అక్కర్లేదు.

ఆర్‌హెచ్‌సీఎస్‌ఏకు గడువు మూడేళ్లే. అదే ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు మన ప్యాచ్‌ను (మనం పంపిన కోడ్ సవరణను) తీసుకుంటే పేరు, తేదీ గిట్ చరిత్రలో ఉండిపోతాయి. సాక్ష్యంగా అదే గట్టిది. కానీ దాని కోసం జీతం లేకుండా నెలలు గడిపే స్తోమత అన్ని ఇళ్లకూ ఉండదు. ముందు పరీక్ష రాసి ఉద్యోగంలో చేరి, కడుపు నిండాక ప్యాచ్‌లు పంపడమే ఐరాల పిల్లలకు వీలైన వరస.