బందరు అద్దకం: పరదేశపు పూలు, ఊరి ఎరుపు

బందరు అని కూడా పిలిచే మచిలీపట్నం, దాని పక్కనున్న పెడన కలంకారీ అద్దకానికి పేరుబడ్డ ఊళ్లు. అక్కడి దుప్పట్ల మీద, చీరల మీద, కర్టెన్ల మీద కనిపించే తీగలను, నెమళ్లను, మామిడి పిందెలను చూసినవారు అవి అనాదిగా ఈ నేల మీదే పుట్టాయనుకుంటారు. నిజానికి వాటిలో చాలావరకు కొనేవాళ్లు కోరగా వచ్చినవి. పర్షియా వర్తకుడు ఒకటి అడిగాడు, డచ్చివాడు ఇంకొకటి అడిగాడు, ఇంగ్లీషువాడు మరొకటి అడిగాడు. బందరు పనివాళ్లు అన్నీ వేసిచ్చారు. ఈ తీరంలోనే పుట్టి, ఇక్కడే పెరిగినది బొమ్మ కాదు, రంగు. కలంకారీ చరిత్రను అక్కడినుంచి చెప్పుకోవడమే సబబు.

కొత్తగా చూసేవారిని తికమకపెట్టే సంగతి ఏమిటంటే, అద్దకంలో బట్ట మీద వేసే ద్రవాలు చాలావరకు రంగులు కావు. ముందు బట్టను గంజి పోయేదాకా ఉతికి, పేడనీటిలో నానబెట్టి, ఎండలో తెల్లబరుస్తారు. తరవాత కరక్కాయ కషాయం, గేదెపాలు కలిపి అందులో ముంచి ఆరబెడతారు. కరక్కాయ వగరు దారానికి పడుతుంది. పాలలోని కొవ్వు వల్ల గీత పక్కకు పాకదు. తుప్పు పట్టిన ఇనపముక్కలను బెల్లపు నీటిలో వారాల తరబడి పులియబెడితే కసిమి తయారవుతుంది. కరక్కాయ పట్టిన బట్టను అది తాకితే చాలు, నల్లగా మారుతుంది. బొమ్మల అంచుగీతలన్నీ దానితోనే వేస్తారు. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్లు అద్దుతారు. పటికకు రంగు లేదు. ఎక్కడ అద్దారో కంటికి కనబడడానికి ఉతికితే పోయే రంగేదో అందులో కాస్త కలుపుతారు. ఆ బట్టను పారే నీటిలో జాడించి, ఎర్ర వేరు వేసి మరిగించిన రాగి కాగులో ఉడికిస్తే, పటిక ఉన్నచోట ఎరుపు పట్టి కూర్చుంటుంది. మిగతా చోట్ల అంటిన రంగు ఉతుకుల్లో, ఎండలో వదిలిపోతుంది. నీలం కావాలంటే మిగతా బట్టంతా మైనంతో కప్పి నీలిమందు తొట్టిలో ముంచేవారు. ఆ నీలం మీద పసుపు పూస్తే ఆకుపచ్చ. పసుపుకు ఆయుష్షు తక్కువ కాబట్టి, మ్యూజియాల్లో ఉన్న పాత బట్టల మీద ఆకులు చాలాచోట్ల నీలంగా కనిపిస్తాయి. అది చిత్రకారుడి చమత్కారం కాదు, కాలం చేసిన పని.

ఎర్ర వేరు పేరు చిరివేరు. ఇది తీరప్రాంతపు ఇసుక నేలల్లో పెరిగే చిన్న మొక్క. నత్తగుల్లల సున్నం కలిసిన నేలలో పండిన వేరు మంచి ఎరుపునిస్తుందని పనివాళ్లకు అనుభవం మీద తెలుసు. కృష్ణా ముఖద్వారం దగ్గరి నిజాంపట్నం వేరుకు గిరాకీ ఎక్కువ. ఐరోపావాళ్లు పెటపోలి అని రాసుకున్నది ఈ ఊరినే. డచ్చివాళ్లు అక్కడ గిడ్డంగి పెట్టడానికి ఈ వేరు కూడా ఒక కారణం. ఐరోపాలో అప్పటికి ఉన్నికీ పట్టుకూ రంగులు వేయడం బాగానే తెలుసు. నూలుబట్ట మీద బొమ్మ వేసి, ఎన్ని ఉతుకులకైనా నిలిచేలా చేయడం మాత్రం తెలియదు. బందరు బట్ట ప్రపంచమంతా అమ్ముడుపోవడానికి అసలు కారణం అందం కన్నా ఈ నిలకడే.

గోల్కొండను కుతుబ్‌షాహీలు ఏలిన రోజుల్లో బందరు ఆ రాజ్యానికి ముఖ్యమైన రేవు. పర్షియాతో రాకపోకలు జోరుగా ఉండేవి. ఆస్థానంలో పర్షియన్ అభిరుచికి పెద్దపీట. అందుకే అప్పటి బట్టల మీద సైప్రస్ చెట్లు, కమానులు, పూలకుండీలు, విందుల్లో కూర్చున్న కులీనులు కనిపిస్తారు. కలంకారీ అన్న మాట కూడా పర్షియన్ నుంచే వచ్చింది. ఊళ్లో జనం నోట మాత్రం అద్దకమే. 1660ల నడుమ ఔరంగజేబు కాశ్మీరు ప్రయాణంలో వెంట ఉన్న ఫ్రెంచి వైద్యుడు బెర్నియే, చక్రవర్తి గుడారం లోపలి వైపున మచిలీపట్నం పూలబట్ట కుట్టి ఉందని రాశాడు. రత్నాల వ్యాపారి టావెర్నియే చెప్పినది ఇంకాస్త లోతైన సంగతి: కలంతో వేసిన మేలు రకం ఎంత అరుదంటే, పనివాళ్లందరినీ పెట్టి చేయించినా మూడు బేళ్లు దొరకడం కష్టమట.

డచ్చివాళ్లు 1605–06లో, ఇంగ్లీషువాళ్లు 1611లో, ఫ్రెంచివాళ్లు 1669లో బందరులో స్థిరపడ్డారు. వాళ్లు మొదట ఈ బట్టను స్వదేశానికి తీసుకుపోవడానికి కొనలేదు. జావా, సుమత్రా, మొలుకస్ దీవుల్లో మిరియాలు, లవంగాలు, జాజికాయ కొనాలంటే అక్కడివాళ్లు వెండి కన్నా ఈ కోరమండల్ తీరపు బట్టనే కోరేవారు. సులవేసి కొండల్లో ఆ బట్టల్ని తరతరాలుగా పవిత్రమైన ఆస్తిగా దాచుకున్న కుటుంబాలున్నాయి. జపానులో చిన్న ముక్కలు కూడా తేనీటి సమావేశాల సామగ్రికి సంచులయ్యాయి. పదిహేడో శతాబ్దం సగానికి వచ్చేసరికి ఐరోపా ఇళ్లకూ ఈ మోజు తగిలింది. 1643లో లండనులోని ఈస్టిండియా కంపెనీ అధికారులు సూరత్‌లోని తమ మనుషులకు రాసిన ఉత్తరంలో, ముదురెరుపు నేల మీద పూలు ఇక్కడ అందరికీ నచ్చడం లేదు, తెల్లని నేల మీద వేయించండి అని కోరారు. ఆ తరవాత నమూనా కాగితాలు ఓడల్లో వచ్చాయి. మెలికలు తిరిగిన కాండానికి ఏ తోటలోనూ పూయని పూలు పూసే జీవవృక్షం ఇలా పర్షియా, చైనా, ఇంగ్లండు ఊహలు కలిసి, కోరమండల్ పనివాడి చేతిలో రూపుకట్టినది. మంచం మీద పరిచే ఆ పెద్ద బట్టలను పాలంపూరు అనేవారు.

ఆ పని వేగం గురించి డచ్చి ఉద్యోగి హవార్ట్ 1693లో అచ్చయిన తన పుస్తకంలో రాశాడు. నత్త నడకలా సాగే పని అనీ, ఓర్పుకు బొమ్మ గీయాలంటే పాలకొల్లు చిత్రకారుణ్ణి చూసి గీస్తే చాలనీ దాని సారాంశం. మెచ్చుకోలు సరే, ఆ ఓర్పుకు ముట్టిన కూలి ఎంతో కూడా కలిపి చదవాలి. వర్తకుడు ముందుగా బయానా ఇచ్చేవాడు. ఆ అప్పు తీరేదాకా పనివాడు అతనికే కట్టుబడి ఉండేవాడు.

గిరాకీ పెరిగేకొద్దీ ఐరోపా నేతగాళ్లు గగ్గోలు పెట్టారు. ఫ్రాన్సు 1686లో రంగుబట్టల దిగుమతినీ, స్వదేశంలో అచ్చువేయడాన్నీ నిషేధించింది. 1759దాకా ఆ నిషేధం పోలేదు. ఇంగ్లండు పార్లమెంటు 1700లో దిగుమతి రంగుబట్టల వాడకాన్ని ఆపింది, 1721 చట్టంతో స్వదేశీ అచ్చు నూలుబట్టలపైనా వేటు వేసింది. ఆ చట్టం 1774లో రద్దయింది. నిషేధం ఉన్నన్నాళ్లూ మోజు తగ్గలేదు, దొంగరవాణా పెరిగింది. రహస్యం కనిపెట్టే ప్రయత్నాలూ జరిగాయి. 1734 ప్రాంతంలో బోలియూ అనే ఫ్రెంచి నౌకాధికారి పుదుచ్చేరిలో ఒక పనివాడి పక్కన నిలబడి, ఒక్కో దశకూ ఒక్కో గుడ్డముక్క కత్తిరించి పారిసుకు పంపాడు. తెలుగు నిఘంటువు కూర్చిన జెసూట్ పాదిరి కూర్దూ కూడా, క్రైస్తవం పుచ్చుకున్న చిత్రకారులను అడిగి తెలుసుకున్న వివరాలను 1742లో ఉత్తరంగా రాసి పంపాడు. అది అచ్చయింది కూడా. పనివాళ్లకు వారసత్వ ఆస్తి అయిన విద్య అలా పరాయి చేతికి పోయింది. దానికి వాళ్లకు దక్కినది ఏమీ లేదు.

తరవాతి కథ క్లుప్తంగానే చెప్పవచ్చు. యంత్రాలతో అచ్చువేసిన చవక బట్ట పందొమ్మిదో శతాబ్దంలో బజారు నింపింది. 1864 నవంబరు 1న తుపాను ఉప్పెన బందరును ముంచింది, దాదాపు ముప్పై వేల మంది చనిపోయారు. 1868లో జర్మను రసాయనవేత్తలు చిరివేరులోని ఎర్ర పదార్థమైన అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశారు. డబ్బాల్లో వచ్చే ఆ పొడితో వేరు తవ్వేవారికి పని పోయింది. పర్షియాకు వెళ్లే నమాజు బట్టలు, పరదాలు మాత్రం ఇరవయ్యో శతాబ్దం మొదటి దశకాలదాకా ఈ పనిని నిలబెట్టాయి. కలం స్థానంలో టేకు చెక్క అచ్చులు స్థిరపడటానికి కారణం ఆ ఎగుమతే: ఒకే కమాను, ఒకే తీగ వందల గజాలు కావాలి. తరవాత పర్షియా సుంకాలు పెంచడంతో అదీ ఆగింది.

కలంకారీకి మరో కేంద్రమైన శ్రీకాళహస్తి దారి వేరు. అక్కడ ఇప్పటికీ వెదురు కలమే. చివర గుడ్డ చుట్టిన కలంతో రామాయణ, భారత కథలను వరసల్లో గీసి, కింద తెలుగులో వివరం రాస్తారు. వాటిని కొన్నది ఓడల వర్తకులు కాదు, గుళ్లు. ఆ పని కూడా కనుమరుగయ్యే దశలో అఖిల భారత హస్తకళల బోర్డు అధ్యక్షురాలు కమలాదేవి చటోపాధ్యాయ పూనికతో 1950ల చివర శిక్షణ కేంద్రం తెరిచారు. పాత పనివారిలో ఒకరైన జొన్నలగడ్డ లక్ష్మయ్య అక్కడ నేర్పారు. ఆయన కుమారుడు గురప్పచెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది.

శ్రీకాళహస్తి, మచిలీపట్నం కలంకారీలు రెండింటికీ ఇప్పుడు భౌగోళిక గుర్తింపు ఉంది. అయినా బజారులో ఆ పేరుతో అమ్ముడయ్యే బట్టలో చాలా భాగం స్క్రీన్ ప్రింటు, లేదా మిల్లులో అచ్చయినది. తేడా పట్టడం పెద్ద కష్టం కాదు. చేతి అద్దకంలో అచ్చు పక్కన అచ్చు కలిసే చోట గీత కాస్త తప్పుతుంది, ఒక పువ్వు ముదురుగా, పక్కది లేతగా పడుతుంది, సహజ రంగుల కొత్త బట్టకు కరక్కాయ వాసన ఉంటుంది. యంత్రపు బట్టలో ప్రతి పువ్వూ ఒక్కలాగే ఉంటుంది. రెండూ కొనవచ్చు, కానీ రెంటికీ ఒకే ధర చెప్పే దుకాణాన్ని నమ్మకూడదు.