అమెరికాలో జాతి వివక్ష ఫిర్యాదు: ఉద్యోగం ఇవ్వకపోయినా, ప్రమోషన్ ఆపినా గడువు ఏ రోజు నుంచి లెక్క?

అమెరికాలో ఉన్న పిల్లలు ఫోన్ చేసి "ప్రమోషన్ ఈసారి కూడా రాలేదు, నా కంటే వెనక చేరినవాళ్ళకి ఇచ్చేశారు" అంటే, ఇక్కడ పెద్దవాళ్ళు చెప్పేది ఒకటే: "సబర్ చెయ్యి బేటా, వచ్చే ఏడాది చూద్దాం." సబర్ మంచిదే. కానీ అక్కడి చట్టం వచ్చే ఏడాది దాకా ఆగదు. జాతి వివక్ష మీద ఫిర్యాదుకు ఎక్కువ రాష్ట్రాల్లో 300 రోజులు, కొన్నిచోట్ల 180 రోజులే గడువు. మనవాళ్ళు బాగా ఉన్న అట్లాంటా జార్జియా రాష్ట్రంలోది. అక్కడ ప్రైవేట్ కంపెనీ మీద ఫిర్యాదు చేయాలంటే 180 రోజులే.

ఈ గడువు 1964 పౌర హక్కుల చట్టంలోని 'టైటిల్ సెవెన్' కింద వస్తుంది. ఉద్యోగంలోకి తీసుకోవడంలో, ప్రమోషన్‌లో, జీతంలో, తీసేయడంలో జాతి, రంగు, మతం, లింగం, పుట్టిన దేశం చూసి తేడా చేయకూడదని ఈ చట్టం చెబుతుంది. కనీసం 15 మంది ఉద్యోగులున్న కంపెనీలకు వర్తిస్తుంది. అక్కడి పౌరసత్వం ఉండక్కర్లేదు, హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళకీ రక్షణ ఉంది. అయితే నేరుగా కోర్టుకు వెళ్ళడానికి లేదు. ముందు ఈఈఓసీ అనే సమాన ఉద్యోగ అవకాశాల కమిషన్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. దానికి ఫీజు లేదు.

చాలామంది దెబ్బతినేది ఎక్కడంటే, కంపెనీ హెచ్ఆర్‌కు రాసి జవాబు కోసం కూర్చోవడం దగ్గర. దీని మీద సుప్రీంకోర్టు 1980లోనే డెలావేర్ స్టేట్ కాలేజ్ వర్సెస్ రిక్స్ కేసులో తేల్చేసింది. లైబీరియా నుంచి వచ్చిన నల్లజాతి ప్రొఫెసర్‌కు 1974లో టెన్యూర్, అంటే పర్మినెంట్ హోదా, ఇవ్వమని చెప్పి చివరి ఏడాది కాంట్రాక్టు చేతిలో పెట్టారు. ఆయన కాలేజీ లోపలే అప్పీలు చేసుకున్నారు. ఈఈఓసీకి ఫిర్యాదు పెట్టేసరికి 1975 ఏప్రిల్ వచ్చింది. కోర్టు ఏమందంటే, గడువు ఉద్యోగం పోయిన రోజు నుంచి కాదు, నిర్ణయం చెప్పిన రోజు నుంచే మొదలవుతుంది, లోపలి అప్పీలు నడుస్తోందని అది ఆగదు. కాబట్టి హెచ్ఆర్‌కు రాయండి, తప్పకుండా రాయండి, కానీ క్యాలెండర్ మీద కూడా ఒక కన్ను ఉంచండి.

గడువు దాటిపోయిందా? జాతి కేసుల్లో ఇంకో తలుపు ఉంది. అది 1866 నాటి చట్టం నుంచి వచ్చిన 'సెక్షన్ 1981'. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతివాళ్ళకు కాంట్రాక్టు హక్కు ఇవ్వడానికి పెట్టినది. దీనికి ఈఈఓసీ గుమ్మం ఎక్కక్కర్లేదు, 15 మంది లెక్కా లేదు. చాలా కేసుల్లో 4 ఏళ్ళ గడువు ఉంటుంది, కొన్నిటికి రాష్ట్రం గడువు వర్తిస్తుంది, అది తక్కువ కావచ్చు.

మన పాఠకులకు దగ్గరి కేసు ఇందులోనే ఉంది. ఇరాక్‌లో పుట్టి అమెరికా పౌరుడైన ముస్లిం ప్రొఫెసర్ అల్-ఖజ్రజీకి పెన్సిల్వేనియాలోని సెయింట్ ఫ్రాన్సిస్ కాలేజీ 1978లో టెన్యూర్ నిరాకరించింది. ఆయన టైటిల్ సెవెన్ కేసు గడువు దాటిందని పోయింది. సెక్షన్ 1981 కేసు మాత్రం నిలబడింది. కాలేజీ వాదన: అరబ్బులు తెల్లజాతి కిందికే వస్తారు, ఇక జాతి వివక్ష ఎక్కడిది? 1987లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. 1866 నాటి నిఘంటువులు తిరగేసి, ఆ రోజుల్లో అరబ్బులు, యూదులు, జర్మన్లు కూడా వేర్వేరు జాతులుగానే లెక్కన్నది. వంశం, జాతి లక్షణాలు చూసి తేడా చేస్తే ఈ చట్టం వర్తిస్తుంది. కానీ కేవలం మతం కారణంగానో, పుట్టిన దేశం కారణంగానో అయితే వర్తించదు.

ఈ గీత మనకు చాలా ముఖ్యం. హిజాబ్ వల్ల ఉద్యోగం ఇవ్వలేదంటే అది మతం కేసు, టైటిల్ సెవెన్ కిందే నడవాలి. అబర్‌క్రాంబీ బట్టల షాపు కేసు అలాంటిదే. 2008లో ఓక్లహామాలోని టల్సాలో స్కార్ఫ్‌తో ఇంటర్వ్యూకు వచ్చిన అమ్మాయిని తీసుకోలేదు. 2015లో సుప్రీంకోర్టు 8-1తో ఈఈఓసీ పక్షాన తీర్పిచ్చింది. ఒకే మేనేజరు ఒకరి రంగునీ, యాసనీ, నమాజునీ కలిపి ఎగతాళి చేసి ఉండొచ్చు. అలాంటప్పుడు ఫిర్యాదులో జాతి, మతం, పుట్టిన దేశం మూడింటినీ రాయాలి. ఒక్కటే రాసి మిగతావి వదిలేస్తే తర్వాత కోర్టులో వాటిని ఎత్తడం కష్టం.

రుజువు ఎలా? "నన్ను చూసి మొహం చిట్లించాడు" అంటే సరిపోదు. 1973 నాటి మెక్‌డొనెల్ డగ్లస్ తీర్పు నుంచి వాడుకలో ఉన్న పద్ధతి ఇది. పోస్టు ఖాళీగా ఉంది, నాకు అర్హత ఉంది, నేను అప్లై చేశాను, ఇవ్వలేదు, వేరే జాతివాళ్ళకు ఇచ్చారు. ఇంతవరకు చూపిస్తే కంపెనీ తన కారణం చెప్పాలి. ఆ కారణం వట్టి సాకు అని చూపించే బరువు మళ్ళీ మన మీదే. అంటే కేసంతా పోలిక మీద నిలబడుతుంది. అందుకే ఉద్యోగ ప్రకటన, అప్లై చేసిన తేదీ, మీ రేటింగులు, ఆ పోస్టు ఎవరికి దక్కింది, మేనేజరు ఏ రోజు ఏమన్నాడు, అన్నీ అప్పటికప్పుడు రాసి పెట్టుకోవాలి. కంపెనీ రహస్య ఫైళ్ళు మాత్రం సొంత మెయిల్‌కు పంపుకోకండి, ఆ వంకతోనే తీసేస్తారు.

ఒక్కోసారి తేడా నియమంలోనే దాక్కుని ఉంటుంది. నార్త్ కరోలినాలో డ్యూక్ పవర్ కంపెనీ నల్లజాతివాళ్ళను లేబర్ విభాగంలోనే ఉంచేది. అక్కడ అందరికంటే ఎక్కువ జీతం కూడా మిగతా విభాగాల్లో అతి తక్కువ జీతం కంటే తక్కువ. టైటిల్ సెవెన్ అమల్లోకి వచ్చిన 1965 జూలై 2నే కంపెనీ కొత్తగా పరీక్షలు పెట్టింది! పనికి సంబంధం లేని అర్హత ఒక జాతిని బయటికి నెడితే, ఉద్దేశం లేకపోయినా చెల్లదని 1971లో కోర్టు అన్నది. 2025 ఏప్రిల్‌లో అధ్యక్షుడు ట్రంప్ ఇలాంటి కేసులకు ప్రాధాన్యం తగ్గించమని ప్రభుత్వ సంస్థలను ఆదేశించారు. చట్టం మారలేదు, సొంతంగా కేసు వేసే దారి ఉంది.

మన కంపెనీలు కూడా బోనెక్కాయి. భారతీయులకే ప్రాధాన్యం ఇస్తున్నారని అమెరికన్లు వేసిన కేసుల్లో 2018లో టీసీఎస్ గెలిచింది. 2024 అక్టోబరులో లాస్ ఏంజెలిస్ జ్యూరీ కాగ్నిజెంట్ వివక్ష చూపిందని తేల్చింది. అంటే టీమ్ లీడ్‌గా మనుషుల్ని ఎంపిక చేసే మన పిల్లలకూ ఈ చట్టం వర్తిస్తుంది.

ఇంటి సంగతి కూడా ఒక మాట. మన రాజ్యాంగంలోని 16వ అధికరణం ప్రభుత్వ ఉద్యోగాల్లో మతం, జాతి, కులం తేడా కూడదంటుంది. ప్రైవేట్ కంపెనీ మతం చూసి ఉద్యోగం ఇవ్వకపోతే నేరుగా వెళ్ళడానికి ఈఈఓసీ లాంటి గుమ్మం మనకు లేదు.

అక్కడ ఫిర్యాదు పెట్టాక కంపెనీకి 10 రోజుల్లో నోటీసు వెళ్తుంది. రాజీకి పిలవొచ్చు, విచారణ జరగొచ్చు. చివరికి 'కేసు వేసుకోవచ్చు' అని ఉత్తరం వస్తే 90 రోజుల్లో కోర్టుకెక్కాలి. ఆఫర్ లెటర్‌లో ఆర్బిట్రేషన్ షరతు మీద సంతకం చేసినా ఈఈఓసీకి వెళ్ళే హక్కు పోదు. ఫిర్యాదు చేశారని కక్షగట్టి డిమోట్ చేసినా, తీసేసినా అది వేరే నేరారోపణ కాదు గానీ వేరే ఫిర్యాదు అవుతుంది. ఈఈఓసీకి అన్నిటికంటే ఎక్కువగా వచ్చేవి ఈ కక్షసాధింపు ఫిర్యాదులే. దాని గడువు కూడా విడిగా, ఆ రోజు నుంచే లెక్క.