పాత హార్డ్ డిస్కు, కొత్త కొలువు

బహ్రెయిన్‌లో ఉంటున్న మనవాళ్ళు నెమ్మదించిన ల్యాప్‌టాప్‌కి ఎస్‌ఎస్‌డీ వేయించుకుంటే, పాత హార్డ్ డిస్కు ఓ కవరులో చేతికొస్తుంది. అరలో చేరుతుంది, మరుపున పడుతుంది. దానికింకా చేయదగ్గ పెద్ద పని ఉంది: బ్యాకప్. వేగంలో ఓడిన సాధనం దాచే పనికి మారడం కంప్యూటర్లు పుట్టిన కొత్తలోనే మొదలైన ఆనవాయితీ.

ముందు ఓడింది టేపు. 1952లో ఐబీఎం 726 టేపు యూనిట్ వచ్చినప్పుడు అదే గొప్ప. కానీ కావలసిన సమాచారం చుట్ట చివర ఉంటే అంతదాకా తిప్పాల్సిందే. 1956 సెప్టెంబరులో ఐబీఎం ప్రకటించిన రామాక్ 305 కంప్యూటర్ ఆ బాధ తీర్చింది. శాన్ హోసేలో రేనాల్డ్ జాన్సన్ బృందం 24 అంగుళాల పళ్ళేలు 50 ఒకే ఇరుసుకి బిగించి, ఏ పళ్ళెం మీదకైనా నేరుగా చేరే చేతిని అమర్చింది. టన్ను బరువున్న ఆ డిస్కు యూనిట్‌లో పట్టేది 50 లక్షల అక్షరాలు, అంటే ఇప్పటి ఫోను తీసే ఒకటి రెండు ఫొటోలంత. అప్పటినుంచి రోజువారీ పని మెల్లమెల్లగా డిస్కుకి మారింది, టేపు బ్యాకప్‌కి మిగిలింది. అది చిన్న పనేం కాదు. 2011 ఫిబ్రవరిలో ఒక సాఫ్ట్‌వేర్ లోపంతో కొందరి జీమెయిల్ ఉత్తరాలు మాయమైతే గూగుల్ వాటిని తిరిగి తెచ్చింది టేపుల నుంచే.

డిస్కు చిక్కిపోతూ వచ్చింది. 1980లో సీగేట్ ఎస్‌టీ-506 ఐదుంపావు అంగుళాల సైజులో ఐదు మెగాబైట్లు పట్టింది. 1988లో ప్రెయిరీటెక్ రెండున్నర అంగుళాల డిస్కు తెచ్చింది. ల్యాప్‌టాప్ నుంచి మనం విప్పి తీసేది ఆ సైజుదే. మరోవైపు తోషిబాలో ఫుజియో మసువోకా ఫ్లాష్ మెమరీని రూపొందించారు. 1991లో శాన్‌డిస్క్ ఆ మెమరీతో 20 మెగాబైట్ల ఎస్‌ఎస్‌డీ చేస్తే దాని ధర సుమారు వెయ్యి డాలర్లు. ఆ ధర సామాన్యుడికి అందేసరికి ఇరవై ఏళ్ళకు పైనే పట్టింది. ఇప్పుడు తప్పుకోవడం హార్డ్ డిస్కు వంతు.

దాచే కాపీ ఎస్‌ఎస్‌డీలో ఉండాలా, హార్డ్ డిస్కులో ఉండాలా అన్నది బహ్రెయిన్ ఎండలో మరీ గట్టిగా ఆలోచించాలి. ఎస్‌ఎస్‌డీ సమాచారాన్ని విద్యుదావేశంగా పట్టి ఉంచుతుంది. కరెంటు లేకుండా చాలాకాలం పడి ఉంటే, అందులోనూ వేడిలో, ఆ ఆవేశం కొద్దికొద్దిగా జారిపోతుంది. రాతల పరిమితి మొత్తం వాడేసిన ఇంటి ఎస్‌ఎస్‌డీ కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఏడాదిపాటు సమాచారం నిలపాలన్నది చిప్ పరిశ్రమ ప్రమాణాల సంస్థ జెడెక్ పెట్టిన ప్రమాణం. వేడి పెరిగేకొద్దీ గడువు తగ్గుతుంది. ఎండాకాలం సెలవుకు ఊరెళ్తూ ఏసీ కట్టేసి ఫ్లాటుకు తాళం వేస్తే లోపల ఎంత ఉడుకుతుందో అక్కడున్నవాళ్ళకు తెలుసు. కొత్త ఎస్‌ఎస్‌డీకి దీంతో వెంటనే ముప్పు లేదు. అయినా అరలో ఏళ్ళ తరబడి ఉంచే కాపీకి అయస్కాంతపు రాతనే నేను నమ్ముతాను. ఆ డిస్కునీ ఎండలో నిలిపిన కారులో వదలకూడదు. తేమ పట్టకుండా సిలికా జెల్ పొట్లం వేసి డబ్బాలో మూతపెట్టాలి.

పెట్టే ఖర్చు యూఎస్‌బీ కేసుకే. ల్యాప్‌టాప్ డిస్కుకి యూఎస్‌బీ కరెంటు చాలు, డెస్క్‌టాప్ డిస్కుకి 12 వోల్టుల అడాప్టర్ కావాలి. కొత్త ఎస్‌ఎస్‌డీలో అన్నీ సరిగ్గా వచ్చాయని తేలేదాకా పాతదాన్ని చెరపకండి. తర్వాత డిస్కు తన ఆరోగ్యం గురించి ఇచ్చే స్మార్ట్ (S.M.A.R.T.) రిపోర్టు చూడండి. 1990లలో ఐబీఎం, కాంపాక్ వేసిన బాటలో వచ్చిన ఈ ఏర్పాటు చెడిన సెక్టార్ల లెక్క చెబుతుంది. ఆ లెక్క పెరుగుతుంటే డిస్కును పక్కన పెట్టేయాలి. రిపోర్టు బాగుందని నిశ్చింతగానూ ఉండకూడదు: లక్షకు పైగా డిస్కులను గమనించి 2007లో గూగుల్ ఇంజినీర్లు ప్రచురించిన పరిశీలనలో, పాడైన వాటిలో 56 శాతానికి పైగా డిస్కులు నాలుగు ముఖ్య సూచికల్లో దేనిలోనూ ముందస్తు హెచ్చరిక ఇవ్వలేదు.

అందుకే ఆ డిస్కు ఒక్కటే ఆధారం కాకూడదు. అమెరికన్ ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 పద్ధతి ప్రకారం మూడు కాపీలు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే చోట. 2019 జులైలో అమెజాన్ పశ్చిమాసియాలో తన తొలి క్లౌడ్ రీజియన్‌ని బహ్రెయిన్‌లో తెరిచినప్పుడు కూడా ఒకచోట ఆగినా మరోచోట నడిచేలా మూడు విడి జోన్లుగా కట్టింది. వలస వచ్చిన కుటుంబానికి ఆ వేరే చోటు సొంతూరే. సీపీఆర్ గుర్తింపు కార్డు, పాస్‌పోర్టు కాపీలు, జీతం స్లిప్పులు, ఇంటికి డబ్బు పంపిన రసీదులు, పిల్లల తొలి అడుగుల వీడియోలు ఎక్కించి, డిస్కును పాస్‌వర్డ్‌తో ఎన్‌క్రిప్ట్ చేసి, ఊరెళ్ళేటప్పుడు చేతిసంచీలో పెట్టుకెళ్ళి అమ్మ దగ్గర ఉంచవచ్చు. పాస్‌వర్డ్ ఇంట్లో ఇంకొకరికీ తెలియాలి. మళ్ళీ సెలవుకు వెళ్ళినప్పుడు డిస్కును తగిలించి నాలుగు ఫైళ్ళు తెరిచి చూసి, ఆ ఏడాదివి కలిపి రావాలి.