చీకటిలో నడచు సేన



ముప్పది నాలుగేండ్లు ఉన్నత పాఠశాలలో తెలుగును సంస్కృతమును బోధించి విశ్రాంతి గైకొన్న నాకు యుద్ధవిద్యతో పరిచయము బొత్తుగా లేదు. నేనెరిగిన యుద్ధములన్నియు భారత రామాయణములలోనివే. అట్టి నేను నేడు సైన్యమందలి ప్రత్యేక దళములను గూర్చి ప్రసంగింప బూనుట మీకు వింతగా దోపవచ్చును. దీనికి కారణము నా శిష్యుడొకడు.

అతడు బి.ఏ. పట్టము పుచ్చుకొన్న కొలది దినములకు, ఒకనాటి సాయంకాలము మా యింటికి వచ్చి సత్ప్రవర్తన పత్రము వ్రాసి యిమ్మని కోరెను. ఎందులకని యడిగితిని. సైన్యములో అధికారిగా జేరి, పిమ్మట పారా ప్రత్యేక దళమున బ్రవేశించుట తన సంకల్పమని చెప్పెను. అంతకు ముందునాడే వాని తల్లి వచ్చి, "అయ్యగారూ, మీ మాటంటే వాడికి వేదం. పంతులుద్యోగం చూసుకోమని మీరైనా చెప్పండి" అని కన్నీరు పెట్టుకొని పోయియుండెను. ఆ మాట చెప్పుటకు నేను నోరు తెరచునంతలో వాడే నన్ను ప్రశ్నించెను.

"మాస్టారూ, తొమ్మిదో తరగతిలో మీరు సౌప్తికపర్వం కథ చెప్పారు. రాత్రివేళ శిబిరంలో జొరబడి చంపిన అశ్వత్థామ చేసింది అధర్మమన్నారు. నేను చేరదలచిన దళం పని కూడా రాత్రి పోయి కొట్టడమే. ఇది ఏ ధర్మం?"

నాకు సమాధానము దోపలేదు. వారము దినములు గడచిన గాని పత్రమీయనని వానిని పంపివేసి, ఆ దళముల చరిత్ర చదువ నారంభించితిని.

మన దేశమున ఆకాశమునుండి దిగు సేనకు పునాది 1941వ సంవత్సరము అక్టోబరు మాసమున ఢిల్లీలో బడినది. అప్పుడేర్పడినదే 50వ పారాచూట్ బ్రిగేడు. భారతీయులలో మొట్టమొదట పారాచూటుతో దుమికినవారు ఇరువురు: లెఫ్టినెంట్ ఏ. జి. రంగరాజ్, హవల్దార్ మేజర్ మథురాసింగు. ఇందు రంగరాజ్ వైద్యుడు. తరువాత 1951 మార్చిలో, కొరియా యుద్ధమున, మున్సాన్ కడ అమెరికా సైనికులతో గూడ ఆకాశమునుండి దిగి క్షతగాత్రులకు చికిత్స చేసిన భారత వైద్యదళమునకు నాయకుడును ఈయనయే. ఈయనకు మహావీరచక్ర మొసగబడెను. కళాశాలలో నేర్చిన విద్యను యుద్ధరంగమున ప్రాణరక్షణకై వినియోగించిన యీ మహనీయుని గూర్చి చదివినప్పుడు నా మనస్సు కొంత మెత్తబడెను.

అయితే పారాచూట్ సేన వేరు, ప్రత్యేక దళము వేరు. ఈ రెండవదానికి 1965వ సంవత్సరపు యుద్ధమే జన్మకారణము. అప్పుడు మేజర్ మేఘసింగు తానుగా ముందుకు వచ్చిన సైనికులను గొందరిని చేరదీసి, శత్రువు వెనుక భాగమునకు బోయి దాడులు సలిపెను. ఆ చిన్న దండునకు మేఘదూత దళమని పేరు. నాబోటి సంస్కృత పండితునకు ఆ పేరు వినగానే కాళిదాసు జ్ఞప్తికి వచ్చుట సహజము. కాని యీ దూత తెచ్చు సందేశము విరహిణికి కాదు. దాని ఫలితముగా 1966లో గ్వాలియరునందు 9వ పారా కమాండో పటాలము, మరుసటి సంవత్సరము 10వ పటాలము ఏర్పడినవి.

1971 డిసెంబరులో రెండింటికిని పరీక్ష వచ్చినది. 10వ పటాలము, జయపుర రాజవంశీయుడగు లెఫ్టినెంట్ కర్నల్ భవానీసింగు నాయకత్వమున, ఎడారి దాటి సింధుదేశమందలి ఛాఛ్రోపై రాత్రివేళ దాడి చేసెను. 9వ పటాలమువారు 13వ తేది రాత్రి, ఎముకలు కొరుకు చలిలో పూంఛ్ నదిని దాటి, మాంధోల్ గ్రామము కడనున్న ఫిరంగులను ధ్వంసము చేసి మరలిరి. ఇట్టి పనిలో పోవుట సగమే. తిరిగి వచ్చుట రెండవ సగము. పద్మవ్యూహమును జొచ్చుట మాత్రమే యెరిగిన అభిమన్యుడు ఈ దళమునకు జాలడు.

ఇక ప్రవేశమార్గము. కళాశాల విడిచినవాడు ఈ దళమునకు తిన్నగా పోజాలడు. మొదట సైన్యాధికారి కావలెను. అందులకు కేంద్ర పబ్లిక్ సర్వీసు కమిషన్ ఏటేట రెండు మారులు పరీక్ష జరుపును. అందు గెలిచినవారిని సెలక్షన్ బోర్డువారు ఐదు దినములు దగ్గర నుంచుకొని వారి మనస్తత్వమును, పదిమందితో గలసి పనిచేయు నేర్పును, మాటతీరును పరిశీలింతురు. అటుపిమ్మట 1932లో స్థాపితమైన డెహ్రాడూన్ అకాడమీలో పట్టభద్రులకు ఏడాదిన్నర శిక్షణము. లేదా 1963లో స్థాపితమైన మద్రాసు అకాడమీలో నలువదితొమ్మిది వారములు. అధికారియై, తానుగా కోరుకొన్నవానికి మాత్రమే ప్రత్యేక దళపు పరీక్ష. ఇది చాలకాలము తొంబది దినముల పరీక్షగా ప్రసిద్ధి చెందినది. నిద్ర యుండదు, ఆకలి యుండును, వీపున బరువుతో మైళ్ళకొలది నడక. అధికారియైనను జవానులతో సమానముగా మోయవలెను. నావల్ల కాదని యే దినమైనను మరలిపోవచ్చును, పెక్కుమంది మరలుదురు. నిలిచినవారికే 'బలిదాన్' అను అక్షరములు గల చిహ్నము.

వారము గడచినది. శిష్యుడు వచ్చెను. "అశ్వత్థామకు ఆజ్ఞ లేదు, పగ గలదు, వీరికి ఆజ్ఞ గలదు, పగ లేదు" అని నేను సిద్ధపరచుకొన్న సమాధానమును చెప్పితిని. వాడు కొంత తడవు ఆలోచించి, "తొడలు విరిగి పడి ఉన్న దుర్యోధనుడే అతణ్ణి సేనాపతిగా అభిషేకించాడు కదా మాస్టారూ, ఆజ్ఞ ఉన్నట్టే కదా?" అనెను. నేను చెప్పిన పాఠముతోనే వాడు నన్ను గెలిచెను.

నిజమే. ఆజ్ఞ యొక్కటే ధర్మమును జేయజాలదు. ఆ రాత్రి కృపుడు వలదన్నను అశ్వత్థామ వినలేదు. గెలువదగినదేదియు మిగిలియుండలేదు. పారిపోవువారిని సైతము ద్వారము కడ విడువలేదు. అక్కడ లేనిది హద్దు. గాయపడినవానిని, ఆయుధము విడిచినవానిని, బందీయైనవానిని చంపరాదని 1949 నాటి జెనీవా ఒడంబడికలు చెప్పుచున్నవి. 1950లో మన దేశమును వానికి గట్టుబడినది. పగటి యుద్ధమున హద్దు మీరిన పదిమంది చూతురు. చీకటిలో చూచువాడు లేడు. కావున ఈ దళమున జేరువానికి బాహుబలముకంటె ముందు కావలసినది తన్ను తాను చూచుకొను కన్ను. ఫిరంగుల కడ నున్నవారును తల్లులు కన్న బిడ్డలేయని మరచినవాడు ఈ పనికి తగడు. ఈ మాటయే వానికి జెప్పితిని.

హైదరాబాదు నివాసియు, ఉస్మానియా పట్టభద్రుడునగు మేజర్ పద్మపాణి ఆచార్య ప్రత్యేక దళమువాడు కాడు. రాజపుతానా రైఫిల్స్ పటాలమువాడు. 1999లో కార్గిల్ యుద్ధమున ప్రాణములర్పించుటకు కొలది దినముల ముందు తండ్రికి జాబు వ్రాయుచు, గర్భవతియగు తన భార్యకు దినమునకొక భారతకథ చెప్పుమని కోరెనట. యుద్ధమున నున్నవాడు తన బిడ్డకు కోరిన రక్ష అది. అది చదివిన పిమ్మట, నా పాఠములు శిష్యుని యుద్ధమునకు పనికిరావను భ్రమ నన్ను విడిచినది.

నేను పత్రము వ్రాసితిని. వాని తల్లికి నాకు చేతనైనట్లు నచ్చజెప్పితిని. ఆమె నన్ను చాలకాలము క్షమింపలేదు. శిష్యుడు అధికారి యయ్యెను. ప్రత్యేక దళపు పరీక్షలో మాత్రము చివరివరకు నిలువలేక తన పదాతి పటాలమునకే మరలెను. తల్లి గుడిలో కొబ్బరికాయ కొట్టినది. సెలవునకు వచ్చినప్పుడు వాడు మా అరుగుపై జాలసేపు మౌనముగా గూర్చుండి, "ఆగిపోయానని ఎవరికీ అబద్ధం చెప్పలేదు మాస్టారూ" అని మాత్రమనెను.

ఆ పత్రమున నేను వ్రాసిన దొక్క వాక్యము: పరీక్షగదిలో పర్యవేక్షకుడు లేని వేళనైనను ఈ విద్యార్థి ప్రక్కవాని కాగితము చూడలేదు. ఆ వాక్యమును దిద్దవలసిన యవసరము నాకు నేటికిని గానరాదు.