‘ఎన్వెనమ్’: ఒక మాట పుట్టు పూర్వోత్తరాలు

‘ఎన్వెనమ్’ అనే ఇంగ్లీషు క్రియకు తెలుగు ఏమిటని మొన్న తరగతిలో ఒక విద్యార్థిని అడిగింది. దానికి రెండర్థాలున్నాయి: విషపూరితం చేయడం, మనసులో చేదు నింపడం. ‘వాళ్ళు వీడికి విషం నూరిపోశారు’ అనే మనకు రెండవ అర్థం కొత్తది కాదు. ఆలోచింపజేసేది ఆ మాట పుట్టుక.

13వ శతాబ్దంలో ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన ఈ మాటకు మూలం లాటిన్ ‘వెనేనుమ్’. దీనిని ప్రేమదేవత వీనస్ పేరుతో ముడిపెట్టి, ‘వలపు మందు’ అన్నదే తొలి అర్థమని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. కోరుకోవడమనే అర్థం గల సంస్కృత ‘వన్’ ధాతువు దీనికి జ్ఞాతి. మన ‘వనిత’ పుట్టింది ఆ ధాతువు నుంచే!

మరి వలపు మందు విషమెట్లా అయింది? ‘వెనేనుమ్’ అన్నవాడు అది మంచిదో చెడ్డదో కూడా చెప్పాలనీ, ఔషధాలు సైతం వెనేనుములేననీ క్రీ.శ. 2వ శతాబ్దపు రోమన్ న్యాయవేత్త గాయస్ రాశాడు. పదార్థానికి పేరు ఒకటే. మంచిచెడ్డలు తేల్చేది తీర్పు. ఆ తీర్పు ఎవరి చేతిలో ఉన్నదన్నదే అసలు ప్రశ్న.

క్రీ.పూ. 331లో రోమ్‌లో ప్రముఖులు ఒకే తీరు జబ్బుతో చనిపోయారు. ఒక దాసి చెప్పిన మాట మీద, మందులు కాస్తున్నారని ఇరవై మంది గృహిణులను పట్టుకున్నారు. అవి ఆరోగ్యానికేనని అంటే, తాగి చూపమన్నారు. వారు తాగి చనిపోయారు. ఆ తరువాత దాదాపు 170 మందిని దోషులుగా తేల్చారు. ఈ కథ చెప్పిన చరిత్రకారుడు లివీయే, ఆ మరణాలకు అంటువ్యాధి కారణమై ఉండవచ్చుననీ, విషం మాట అబద్ధమైతే సంతోషిస్తాననీ సందేహం వెలిబుచ్చాడు.

మన ‘మందు’ చరిత్రా ఇటువంటిదే. తమిళ ‘మరుందు’కూ కన్నడ ‘మద్దు’కూ తోబుట్టువైన ఈ మాటకు మూలార్థం ఔషధమే. అయితే వైద్యుడు మందు ‘ఇస్తాడు’. కోడలు మందు ‘పెడుతుంది’. కొడుకు తల్లి మాట వినకపోతే ‘పెళ్ళాం మందు పెట్టింది’ అనడం చిన్నతనంలో మా ఊళ్ళో ఎన్నిసార్లు విన్నానో! మగవాడి మనసు మారడానికి స్త్రీ వ్యక్తిత్వం గాని, ఆమె మాటలోని న్యాయం గాని కారణం కావచ్చునని పితృస్వామ్య సమాజం ఒప్పుకోలేదు. అందుకే మందును కారణం చేసింది.

నిఘంటువు రెండర్థాలనూ పక్కపక్కనే పెట్టి ఊరుకుంటుంది. చరిత్ర వాటిని కలుపుతుంది. స్త్రీ కాచిన మందును విషమని చాటినవారే లోకం మనసులో ఆమెపట్ల చేదు నింపారు. ఆ విద్యార్థినికి నేను చెప్పిన జవాబు ఇదే.