బందరు ఉప్పెన

కృష్ణా తీరమందలి పల్లెలలో గాలివాన వేరు, ఉప్పెన వేరు. గాలివాన యింటికప్పును లేపుకొని పోవును. అది వెలిసిన మరునాడు తాటాకు తెచ్చుకొని మరల కప్పు వేసికొనవచ్చును. ఉప్పెన పోయిన మరునాడు కప్పు వేయించుకొనువాడే మిగులడు. చదువరులారా, 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీ రాత్రి బందరు పట్టణముమీదికి వచ్చినది ఈ రెండవది. బందరు చరిత్ర చెప్పువారు వలందావారిని గూర్చియు, ఇంగ్లీషువారిని గూర్చియు, కలంకారీ అద్దకమును గూర్చియు పుటలు పుటలు వ్రాయుదురు గాని ఆ ఒక్క రాత్రిని ఒక్క వాక్యములో దాటివేయుట వాడుక. అది అంత సులభముగా దాటవలసిన రాత్రి కాదని నా తలంపు.

ఆ నాటి బందరు ఎట్టిదో ముందు చూతము. పదునేడవ శతాబ్దపు ఆరంభమున వలందావారును, 1611లో ఇంగ్లీషు కుంపెనీవారును ఇచ్చట వర్తకము పెట్టిరి. పిమ్మట పరాసులు వచ్చిరి. వారి గుర్తులుగా వలందపాలెము, ఇంగ్లీషుపాలెము, పరాసుపేట అను పేర్లు నేటికిని నిలిచియున్నవి. కోట పట్టణములో లేదు. పట్టణమునకు రెండు మైళ్ల దూరమున, సముద్రమునకు దగ్గరగా నుండెను. రెంటికిని నడుమ బురదనేల, దానిమీద కట్టదారి. పట్టణముచుట్టును గల నేల అరచేయివలె చదును. సముద్రము విడిచి మైళ్లకొలది లోనికి నడచినను కొలది అడుగుల ఎత్తుకంటె ఎక్కము. ఆ మన్నంతయు కృష్ణానది కొట్టుకొనివచ్చి పరచినది. పంటకు బంగారము, ఉప్పెనకు తెరచిన వాకిలి.

ఈ పట్టణమునకే 1841లో రాబర్టు నోబుల్, హెన్రీ ఫాక్సు అను ఇరువురు మిషనెరీలు వచ్చిరి. ఫాక్సుగారు 1848లోనే చనిపోయిరి. నోబుల్ దొరగారు 1843లో పాఠశాల తెరచి, దానినే పట్టుకొని జీవితమంతయు కూర్చుండిరి. షార్కీ దొరగారును, వారి దొరసానిగారును బాలికలకు వసతితో కూడిన పాఠశాల నడుపుచుండిరి. ఆడపిల్లకు అక్షరము నేర్పుటయే వింతగా తోచు దినములలో పిల్లలను ఇల్లు విడిపించి బడిలో నుంచుకొనుట ఎంత నమ్మకముతో కూడిన పనియో చదువరులు ఊహించుకొనగలరు. తల్లిదండ్రులు తమ బిడ్డలను వారిచేతులలో పెట్టిరి.

ఆ సంవత్సరము అక్టోబరు 30న అమావాస్య. అనగా తుపాను వచ్చిన రాత్రి వెన్నెల లేదు, పోటు మాత్రము పెద్దది. దీపము నిలువని గాలిలో, ఆ చీకటిలో, నీరు ఎటునుండి వచ్చుచున్నదో ఎవరికి కనబడును? మన తూర్పుతీరమును దాటు తుపానులలో సుడికి ఉత్తరపుప్రక్కన గాలి సముద్రముమీదనుండి నేలవైపు కొట్టును. ఆ గాలి గంటలతరబడి నీటిని తీరముమీదికి తోయును. తీరము దగ్గర సముద్రము లోతు తక్కువ గనుక తోయబడిన నీటికి క్రిందికి పోవుటకు చోటు లేదు, పైకి లేవవలసినదే. దానికి అమావాస్య పోటు తోడయ్యెను. మామూలు పోటుమట్టముకంటె సుమారు 13 అడుగుల ఎత్తున నీరు లేచి నేలమీదికి వచ్చెను. తీరము వెంబడి 80 మైళ్ల పొడవున సముద్రము లోనికి చొచ్చెను. కొన్నిచోట్ల 17 మైళ్ల వరకు పోయెను. ముంపుపడిన నేల 780 చదరపు మైళ్లు. చనిపోయినవారు సుమారు 30,000 మంది అని ఆనాటి లెక్క.

ముప్పది వేలు అనుమాట చదువుట సులభము. దానిని తలచుటకు మనస్సు ఒప్పుకొనదు. అందుచేత ఆ ముప్పది వేలలో కొందరిని మాత్రమే తలచుదును. షార్కీ దొరసానిగారి బడిలోని బాలికలు అనేకులు ఆ రాత్రి నీటిపాలైరి. వారి పేర్లు చరిత్ర పుస్తకములలో లేవు. అక్షరములు దిద్దుచుండిన పిల్లలు వారు. ఇంటివద్ద నుండినయెడల బ్రదికెడివారేమో, లేక అచ్చటను మునిగెడివారేమో.

ఇట్టి ఆపద కలిగినప్పుడెల్ల, ఇది ఫలానివారి పాపమునకు శిక్ష అని చెప్పువారు ఏ మతములోనైనను నుందురు. మనలోను గలరు. ఒకరు మనవారు చెరుపబడిరని విగ్రహారాధికులను నిందింతురు, మరియొకరు మతము మార్చినందుకు దేవతలకు కోపము వచ్చెనందురు. ఆ బడిలోని పిల్లలను ఎదుట నిలువబెట్టుకొని ఈ మాట అనగలవారెవరు? సిలోయము గోపురము పడి చనిపోయినవారిని గూర్చి ప్రభువు తానే మాటలాడినప్పుడు ఆయన ఆ లెక్కను ఒప్పుకొనలేదని మన మెరుగుదుము. ఉప్పెన పాపిని పుణ్యాత్ముని ఎంచలేదు. అది ఎంచినది ఒక్కటే: నేలయెత్తు, గోడగట్టి. మట్టిగోడ, తాటాకుకప్పు గలవాడు ముందు పోయెను. మిద్దెయెక్కగలవాడు మిగిలెను.

మిగిలినవారి సంగతి అంత తేలికైనది కాదు. చెరువులలోను, నూతులలోను ఉప్పునీరు నిండిన తరువాత చుట్టును నీరున్నను గొంతు తడుపుకొనుటకు నీరు లేదు. ఉప్పు పీల్చిన పొలము వర్షములకును, కాలువనీటికిని కడుగబడువరకు పైరు పట్టదు. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తియైనందున కృష్ణనీరు కాలువలలో వచ్చుచుండుట ఆ ప్రాంతమునకు కొంత మేలు. తుపాను తరువాత కోటలోని సైన్యమును తీసివేసిరి. పట్టణము మరల ఆ పూర్వపు స్థితికి రాలేదు. అయితే బందరు పతనమంతయు ఆ రాత్రిమీదనే వేయుట న్యాయము కాదు. పెద్ద ఓడలు మైళ్ల దూరముననే లంగరు వేయవలసిన రేవు అది. నేత, అద్దకముల వర్తకము అంతకుముందే క్షీణించుచుండెను. దెబ్బ తగిలినప్పుడు బలహీనుడు లేవలేడు, అంతే. నోబుల్ దొరగారు కూడ అటుపిమ్మట ఏడాది నిండకముందే, 1865 అక్టోబరులో, బందరులోనే కన్నుమూసిరి. పాఠశాల మాత్రము నడచెను.

నన్ను ఎక్కువగా బాధపెట్టు సంగతి మరియొకటి గలదు. ఉప్పెన అనునది ఎవరును ఎరుగనిది కాదు. బందరునకు నూరు మైళ్లలోపున నున్న కోరంగి 1789 డిసెంబరులో ఒకసారి, 1839 నవంబరులో మరియొకసారి ఇట్లే కొట్టుకొనిపోయెను. కలకత్తాలో నుండిన హెన్రీ పిడింగ్టన్ అను ఆయన ఇట్టి గాలివానల వృత్తాంతములను ఓడల దినచర్యలనుండి సేకరించి, గాలి చుట్టలు చుట్టుకొనిన పామువలె సుడితిరుగునని గ్రహించి, దానికి సైక్లోను అను పేరు పెట్టిరి. కోరంగి సంగతియు ఆయన వ్రాసియున్నారు. ఆయన 1858లో చనిపోయిరి. అనగా బందరు మునుగుటకు ముందే తెలిసినవారు గలరు, అచ్చుపడిన పుస్తకములు గలవు. అవి నావికుల పెట్టెలలో నుండెను. గిలకలదిండి పల్లెవానికి వాటితో ఏమి సంబంధము?

1864 అక్టోబరు 5న, అనగా బందరు ఉప్పెనకు నెలదినములలోపుననే, కలకత్తాను మరియొక భయంకరమైన తుపాను కొట్టెను. ఈ రెండు దెబ్బలును దొరతనమువారి కన్నులు తెరిపించెను. 1865లో కలకత్తా రేవునకు తుపాను హెచ్చరిక చేయు ఏర్పాటు జరిగెను. 1875లో భారత వాతావరణ శాఖ స్థాపింపబడెను. క్రమముగా ఇతర రేవులకును హెచ్చరికలు పంపబడెను. అయితే ఆ హెచ్చరిక మొదట ఉద్దేశింపబడినది ఓడలకు. ఒడ్డున గుడిసెలలో నున్నవారికి అది చేరుటకు మరియొక నూరేండ్లకు పైగా పట్టెను.

ఆ మాట ఊరక అనుటలేదు. 1977 నవంబరు 19, శనివారమున దివిసీమమీదికి వచ్చిన ఉప్పెన చదువరులలో పెద్దవారికి జ్ఞాపకముండును. నిజాంపట్నము దగ్గర తుపాను తీరము దాటెను. దివిసీమ దానికి ఉత్తరపుప్రక్కన పడెను. నీరు గోడవలె లేచి సొర్లగొంది, పాలకాయతిప్ప మొదలగు పల్లెలమీదుగా పోయెను. ప్రభుత్వపు లెక్కప్రకారమే సుమారు పదివేలమంది చనిపోయిరి. రేడియో తుపాను సంగతి చెప్పెను. కాని గాలి వచ్చునని విన్నవాడు యింటిలో తలుపు వేసికొని కూర్చుండును. నీరు వచ్చునని తెలిసినవాడే లేచిపోవును. తెలిసినను ఎచ్చటికి పోవలెను? అనేక పల్లెలలో ఎక్కి నిలుచుటకు ఒక్క గట్టి మేడయైనను లేదు. కొందరు తాటిచెట్లను కౌగిలించుకొని బ్రదికిరి. అవనిగడ్డవారైన మండలి వెంకట కృష్ణారావుగారు బాధితుల మధ్య నిలిచి పనిచేసిరి. దేశదేశములనుండి సహాయము వచ్చెను. బందరుకును దివిసీమకును మధ్య దూరమెంత? ఒక్క ఉదయమున బండిమీద పోయి చేరవచ్చును. నూట పదమూడేండ్ల నాటి బందరు కథ అచ్చటివారికి ఎవరైన చెప్పియుండిరా అని నేను ఎన్నిసార్లో అనుకొంటిని. చెప్పవలసినవారిలో మన బడులును, మన గుడులును గలవు.

దివిసీమ తరువాత మాత్రము పని జరిగెను. తీరము వెంబడి స్తంభములమీద నిలిచిన తుపాను ఆశ్రయ భవనములు కట్టబడెను. వానిలో కొన్ని ప్రభుత్వము, కొన్ని క్రైస్తవ సేవాసంస్థలు కట్టినవి. మామూలు దినములలో అవి బడులుగా నుండును. బందరులోనే తుపానును కనిపెట్టు రాడారు నెలకొల్పిరి. 1990 మే 9న కృష్ణాముఖద్వారముల దగ్గర, 1977 తుపానునకు తీసిపోనిది, మరల వచ్చెను. ఈసారి ఆరు లక్షలకు పైగా జనులను ముందుగానే ఇండ్లు ఖాళీచేయించి లోపలికి చేర్చిరి. మరణములు వేయిలోపు. ఆ వేయిమందియు మనుష్యులే, వారి యిండ్లలో ఏడ్పులు ఒకటే. అయినను 1864 నాటి ముప్పది వేలను, ఈ వేయిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడు నాకు గాలి మారినట్లు తోచదు. మారినది మనుష్యుని చెవికి చేరిన మాటయు, వాని కాలిక్రింది మెట్టును.

నేటికిని సముద్రములో వాయుగుండము పుట్టినదని తెలిసినప్పుడు బందరు రేవులో హెచ్చరిక నంబరు ఎత్తుదురు. ఒకటో నంబరు నాడు జాలరులు సముద్రమువైపు చూచి ఊరకుందురు. నంబరు పెరిగినకొలది పడవలను లోనికి లాగి కట్టుదురు. పదో నంబరు అన్నమాట వినబడినప్పుడు ఇంటి ఇల్లాలు బియ్యపుమూట, రేషను కార్డు, పిల్లల పుస్తకములు ఒక గుడ్డలో కట్టి, ముసలివారిని ముందు నడిపించుకొని బడివైపు బయలుదేరును.